అక్టోబరు నుంచి మార్చి దాకా

దసరా ఇలా వెళ్ళిందో లేదో నాకు ఫోన్లు మొదలవుతాయి. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, ఒక్కోసారి డల్లాస్ నుంచి. ఎప్పుడో కాలేజీలో పక్క బెంచీలో కూర్చున్నవాడు, పదేళ్ళ కిందట ఒకే ఆఫీసులో కలిసి పనిచేసినవాడు. యోగక్షేమాలు రెండు నిమిషాలు. తర్వాత అసలు సంగతి. "కార్లో కోనసీమ ఒక రౌండు వేద్దామనుకుంటున్నాం. బెస్ట్ సీజన్ ఎప్పుడంటావ్?" నేను నోరు తెరిచేలోపే జవాబు కూడా వాడే చెప్పేస్తాడు. "అక్టోబరు నుంచి మార్చి దాకా అని రాశారు, కరక్టేనా?"

ఎవరు రాశారని అడిగితే చెప్పలేడు. అందరూ రాశారు. ఒకరి దగ్గర్నించి ఒకరు ఎత్తి రాసుకున్నారు. గోవాకి అదే వాక్యం, అరకుకి అదే వాక్యం, మహాబలిపురానికి అదే వాక్యం, మాకూ అదే. ఎండలు లేవు, వానలు లేవు, కనక రండి. ఈ ఒక్క వాక్యంతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. ఇవాళ తేల్చుకుందామని కూర్చున్నాను.

ముందు నా హోదా ఏమిటో చెప్పాలి. నాది రాయవరం. 2022 ఏప్రిల్లో కొత్త జిల్లాల గీతలు గీసినప్పుడు మా మండలం కోనసీమ జిల్లాలో పడింది. కానీ కోనసీమ జిల్లా కాకముందు దీవి. ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలితే ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వసిష్ఠ, కింద సముద్రం. మధ్యన మిగిలిన ముక్క కోనసీమ. ఆ ముక్కని వైనతేయ మళ్ళీ రెండు చేసింది. మా ఊరు గౌతమికి ఇవతల, తూర్పు డెల్టాలో ఉంది. అంటే అప్పుడు కాగితం మీద నేను కోనసీమవాణ్ణయ్యాను, నీళ్ళ లెక్కలో కాలేదు. అమలాపురంలో మా మేనత్త ఇంటికి వెళ్తే ఇప్పటికీ "అవతలొడ్డు వాళ్ళొచ్చారు" అనే అంటారు. చిన్నప్పటి నుంచీ ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ తిరిగినవాణ్ణి గనక, ఎప్పుడు దాటొచ్చో ఎప్పుడు దాటకూడదో కాస్త తెలుసు. ఇంతకు మించి నాకు వేరే అర్హతలేం లేవు.

వంతెనలు వచ్చాక ఇది దీవన్న సంగతి జనం మర్చిపోయారు. రావులపాలెం దగ్గర హైవే గౌతమిని దాటేస్తుంది. యానాం నుంచి ఎదుర్లంకకి 2002లో వంతెన వచ్చింది. దిండి పక్కన చించినాడ వంతెన ఉంది. కారు అద్దం దించకుండానే ఏరు దాటిపోవచ్చు. దాటినవాడికి తను దీవిలోకి వచ్చానని తెలీదు. కొబ్బరిచెట్లు ఎక్కువైన సంగతొకటే తెలుస్తుంది. అంతే, "అచ్చం కేరళలా ఉంది" అంటాడు. (ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. కేరళవాళ్ళెవరూ కుట్టనాడుని చూసి అచ్చం కోనసీమలా ఉందనరు కదా. సరే, అది వేరే గొడవ.)

ఇదే మనుషులు శ్రీలంక వెళ్ళేటప్పుడు ఎంత లెక్కగా ఉంటారో చూడండి. ఆ దీవికి రెండు రుతుపవనాలని, మే నుంచి సెప్టెంబరు దాకా గాలే వైపు తడుస్తుందని, డిసెంబరు, జనవరుల్లో ట్రింకోమలీ వైపు తడుస్తుందని, అందుకని ఏ నెలలో ఏ తీరం వెంట కారు నడపాలో ముందే కనుక్కుంటారు. పరాయి దీవికి రెండు కాలాలు ఉన్నాయని ఒప్పుకునేవాళ్ళకి సొంత దీవి దగ్గరకొచ్చేసరికి ఒక్క వాక్యం చాలు.

ఆ వాక్యంలో మొదటి మాట అక్టోబరు. అక్కణ్ణుంచే మొదలెడదాం.

2025 అక్టోబరు 25, శనివారం. నా మిత్రుడొకడు భార్యనీ ఇద్దరు పిల్లల్నీ వేసుకుని హైదరాబాదు నుంచి కార్లో దిగాడు. నాకు ముందు చెప్పలేదు. గోదారి ఒడ్డున ఎక్కడో నాలుగు రోజులకి గది తీసుకున్నాడు. సీజన్ మొదలైంది, జనం ఇంకా రాలేదు, బాగుంటుందని ఎక్కడో చదివాడట. సోమవారం పొద్దున్న గది ఖాళీ చెయ్యమన్నారు. బడులకి సెలవులిచ్చేశారు, సముద్రం వైపు పోనివ్వడం లేదు. అప్పుడు గుర్తొచ్చాను నేను. మధ్యాహ్నానికి రాయవరం వచ్చాడు. మంగళవారం రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. రాత్రంతా కరెంటు లేదు. పెరట్లో కొబ్బరిమట్టలు ఒక్కొక్కటీ ఊడి రేకుల మీద పడుతుంటే పిల్లలు ఉలిక్కిపడుతున్నారు. వాళ్ళావిడ మా ఆవిడతో, "ఏంటొదినా, ఇది సీజనంటారే!" అంది. మా ఆవిడ నవ్వి, "సీజనేనమ్మా, ఇది తుఫాన్ల సీజను" అంది.

మా ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. 1839లో కోరంగి రేవుని ఊడ్చేసిన ఉప్పెన వచ్చింది నవంబరు 25న. 1977లో దివిసీమని ముంచింది నవంబరు 19న. కోనసీమని కొట్టిన 1996 తుఫాను నవంబరు 6న. వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప నుంచి వేటకి వెళ్ళిన పడవలు తిరిగి రాలేదు. దాటి వెళ్ళాక కోనసీమలో కొబ్బరిచెట్లు నిలువుగా ఉన్నవి తక్కువ, పడుకున్నవి ఎక్కువ. కొబ్బరి కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఒక్క రాత్రి తర్వాత కొన్ని కుటుంబాలు కొబ్బరి మీద బతకడం మానేసి గల్ఫు దారి పట్టాయి. మా ఇళ్ళల్లో ఇప్పటికీ కార్తీకమాసం అంటే ఒక కన్ను దీపం మీదా ఒక కన్ను ఆకాశం మీదా ఉంటుంది. అలాంటి నెలలకి "ఆహ్లాదకరమైన వాతావరణం" అని రాసేవాడు ఒక్క నవంబరు కూడా ఇక్కడ గడపలేదని తేలిగ్గానే చెప్పొచ్చు.

మా మిత్రుడి కథ ఇంకా అయిపోలేదు. బుధవారం వాన తెరిపిచ్చాక రోడ్డు చూద్దామని ఇద్దరం బండి మీద బయల్దేరాం. ఊరు దాటగానే రెండు వైపులా చేలు పడిపోయి ఉన్నాయి. గింజ పాలుపోసుకుని గట్టిపడుతున్న పైరు, వెన్ను బరువుకి అసలే వంగి ఉంటుంది, గాలికి చాప పరిచినట్టు పడుకుంది. మా చేను కౌలుకి చేసే బాబాయ్ గట్టు తెగ్గొట్టి నీళ్ళు బయటికి తీస్తున్నాడు. బోదె నిండా నీళ్ళే. ఎక్కడికి తీస్తాడు? మమ్మల్ని చూసి, "ఏం చేత్తాం అబ్బాయ్, ఇంకో ఇరవై రోజులాగుంటే ఇంటికొచ్చేసేది" అన్నాడు. మా మిత్రుడు నిజంగానే బాధపడ్డాడు. తర్వాత బండి ఎక్కుతూ, "మొత్తానికి ట్రిప్పంతా పోయిందిరా" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. ఇద్దరూ ఒకే సంగతి చెప్పారు, రోజులు తప్పాయని. ఒకడికి నాలుగు రోజుల గది అద్దె, ఇంకొకడికి కౌలు కట్టిన ఏడాది.

ఆ ఇరవై రోజులు ఎక్కడ పోయాయో తెలిస్తే తప్ప కోనసీమకి ఏది మంచి కాలమో తేలదు. ఇక్కడ కాలాన్ని నడిపేది ఎండా వానా కాదు, లాకులు. డెల్టా కాలువల్ని ఏప్రిల్లో కట్టేస్తారు. దాళ్వా కోతలు అయ్యాక పూడిక తియ్యడానికి, గుర్రపుడెక్క లాగడానికి, లాకులు బాగుచేసుకోడానికి దొరికే గడువు అదే. జూన్ మొదట్లో మళ్ళీ నీళ్ళు వదులుతారు. అప్పుడు ఆకుమడి పోస్తారు, తర్వాత ఊడ్పులు. సార్వాకి స్వర్ణ వేస్తే నూట యాభై రోజుల పంట. లెక్కేసుకోండి. జూన్ మొదటి వారంలో విత్తనం పడితే నవంబరు మొదట్లో కొడవలి. నీళ్ళు వదలడం ఆలస్యమైనా, వదిలినవి శివారుకి చేరడం ఆలస్యమైనా, చేరినవి మురుగుకాలువ పూడిపోయి దిగకపోయినా, కోత నవంబరు ఆఖరికి, డిసెంబరుకి జరుగుతుంది. అంటే సరిగ్గా తుఫాన్ల నోట్లోకి. అందుకే నీళ్ళు మే నెలలోనే వదలండి, అక్టోబరు ఆఖరికి పంట గట్టెక్కించుకుంటాం అని డెల్టా రైతులు అడుగుతూ వచ్చారు. ఇది కూడా బెస్ట్ సీజన్ ఎప్పుడన్న ప్రశ్నే. కాకపోతే దీనికి ఎవరూ ఫోన్లో టక్కున జవాబు చెప్పరు.

జవాబు రాకపోతే ఏమైందో 2011లో చూశాం. ఆ సార్వాకి కోనసీమ రైతులు విత్తనం చల్లలేదు. నీళ్ళున్నాయి, భూమి ఉంది, చెయ్యం అన్నారు. కూలీ ఖర్చు పెరిగింది, ధాన్యం ధర గిట్టదు, మురుగు దిగదు, చివర్లో తుఫాను ఎలాగూ వస్తుంది, ఇంత పెట్టి ఎందుకు పొయ్యాలి అన్నారు. ఉప్పలగుప్తం, అల్లవరం, కాట్రేనికోన వైపు శివారు చేలు బీళ్ళుగా ఉండిపోయాయి. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు క్రాప్ హాలిడే. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. దేశం నలుమూలల నుంచీ పత్రికలవాళ్ళు వచ్చి చూశారు. అన్నపూర్ణ అని పేరున్న నేల మీద పంటకి సెలవివ్వడమేమిటని ఆశ్చర్యపోయారు. అప్పటినుంచీ నాకు కోనసీమ, హాలిడే అన్న మాటలు పక్కపక్కన కనిపిస్తే ముందు రిసార్టు గుర్తురాదు. ఊడ్పుల వేళ ఎండిపోయి పడున్న మడి గుర్తొస్తుంది.

ఇక జనవరి. ఇక్కడ నాకు శత్రువులు ఎక్కువవుతారు, మా చుట్టాల్లోనే.

సంక్రాంతికి కోనసీమ చూడాలంటారు. నేనైతే సంక్రాంతికి కోనసీమలో కోనసీమ కనపడదంటాను. కార్లు కనపడతాయి. మా రోడ్లు చాలామట్టుకు కాలువ గట్లు. ఒక పక్క కాలువ, ఒక పక్క చేను, మధ్యలో ఒక లారీ, దానికెదురుగా ఒక బస్సు. అలాంటి గట్టు మీద భోగి నుంచి ముక్కనుమ దాకా తెలంగాణ, కర్ణాటక నంబర్ల బళ్ళు బారులు తీరతాయి. గదులు దొరకవు, దొరికినవాటికి రేటు అడక్కూడదు. కోడిపందేల బరులకి ఫ్లడ్‌లైట్లు. ఏటా కోర్టులు వద్దంటాయి, ఏటా బరులు వెలుస్తాయి. పిల్లలకి చూపించడానికి వచ్చామనేవాళ్ళు పిల్లల్ని కార్లో కూర్చోబెట్టి ఏసీ వేసి పందెం కాయడానికి వెళ్ళడం నేను చూశాను.

దీని మధ్యలో ఒక్కటి మాత్రం నిజంగా చూడాల్సింది ఉంది. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ళ నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభల మీద వస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక దాటి రావాలి. అంత ఎత్తు ప్రభని భుజాల మీద మోస్తూ పీకల్లోతు నీళ్ళలో దిగి దాటిస్తారు. దారి చేల మీదుగానే. కొత్తగా ఊడ్చిన చేను తొక్కుకుపోతుంటే రైతు అడ్డు చెప్పడు, చెప్పకపోగా దేవుడు తన చేలో నడిచాడనుకుంటాడు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన శకటంగా వెళ్ళింది ఈ తీర్థమే. అప్పటినుంచీ జనం ఇంకా పెరిగారు. బాధేమిటంటే, ప్రభ మోసేవాడు తొక్కిన చేను వేరు, సెల్ఫీ కోసం దిగినవాడు తొక్కిన చేను వేరు. రైతు రెండోవాడికి అనుమతివ్వలేదు. వీడు అడగలేదు కూడా.

ఇంకో చిన్న సంగతి. మీరు రీల్సులో చూసే ఆ పచ్చటి తివాచీ సంక్రాంతికి ఉండదు. సార్వా కోసేశారు, దాళ్వా ఇప్పుడే ఊడుస్తున్నారు. కంటికి ఆనేది ఎక్కువగా బురద. ఆ పచ్చదనం ఫిబ్రవరిది. జనవరిలో వచ్చి ఫిబ్రవరి ఫొటో కోసం వెతుక్కుంటున్నారు పాపం.

మార్చితో ఆ వాక్యం అయిపోతుంది. మిగతా ఆరు నెలలు మేం ఏం చేస్తున్నామో దానికి అక్కర్లేదు. ఆ ఆరు నెలల్లో జులై, ఆగస్టు ఉన్నాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దాటితే రెండోది, 17.75 దాటితే మూడోది. ఈ మూడు అంకెలు కోనసీమలో చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. 1986 ఆగస్టులో ముప్ఫై అయిదు లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2022లో జులైలోనే పాతిక లక్షలు దాటింది. పెద్ద వరదల సంగతి సరే, మామూలు ఏడాది కూడా చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగిపోతుంది. గంటి పెదపూడి రేవులో మట్టితో వేసిన తాత్కాలిక రోడ్డు ఏళ్ళ తరబడి ప్రతి వానాకాలమూ కొట్టుకుపోతూ వచ్చింది. బూరుగులంక, ఊడిమూడిలంక జనం అన్నాళ్ళూ బడికీ ఆసుపత్రికీ నాటుపడవల మీదే. దీవి లోపల దీవులు ఇవి. రోడ్ ట్రిప్ అన్న మాట వాళ్ళకి ఏడాదిలో కొన్ని నెలలే వర్తిస్తుంది.

అప్పుడు ఎవరూ రారా అంటే, వస్తారు. పులస కోసం వస్తారు. సముద్రంలో ఇలస, ఎర్రనీటికి ఎదురీది గోదారెక్కితే పులస. పుస్తెలమ్మైనా తినాలన్న సామెత ఉండనే ఉంది. యానాం రేవులో వేలం పాడి కొనుక్కుని, వండించుకుని, అదే దారిలో వెనక్కి పోతారు. ఈమధ్య డ్రోన్లు కూడా వస్తున్నాయి. పైనుంచి తీస్తే మునిగిన లంక చాలా అందంగా ఉంటుంది, అద్దంలో కొబ్బరిచెట్లు. కింద డాబా మీద మేకల్ని కట్టుకుని కూర్చున్నవాళ్ళు అంత ఎత్తు నుంచి ఆనరు.

నా మాటలు విని మిత్రుడు ఒకసారి గట్టిగానే అడ్డం పడ్డాడు. "ఏరా, మేం ఏడాదంతా చాకిరీ చేసి నాలుగు రోజులు సెలవు పెట్టుకుంటాం. వ్యవసాయం మీద పరీక్ష రాయడానికి రాం కదా. నీ కష్టాలు చూడ్డానికి మాకెందుకు ఖర్చు? పైగా మేమొస్తే అక్కడ నలుగురికి పని దొరకదా?" న్యాయమైన ప్రశ్న. సెలవు తీసుకోవడం తప్పని నేననను. ముసలివాళ్ళని, పసిపిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళకి మాఘమాసమే చెప్తాను. ఎండ ముదరదు, చేలు పచ్చగా ఉంటాయి, అంతర్వేదిలో నరసింహస్వామి కల్యాణం కూడా అప్పుడే. పని దొరుకుతుందన్నదీ నిజమే. కానీ ఆ పనంతా మూడు వారాల్లోకి కుక్కేస్తే పూతరేకులు చుట్టే ఆవిడకి సంక్రాంతికి నిద్రుండదు, వేసవిలో బేరముండదు. మీరంతా ఒక్కసారే వచ్చి ఒక్కసారే పోవడం వల్ల బాగుపడేది గదులున్నవాడు. మంచం అద్దెకిచ్చేవాడికీ మంచినీళ్ళిచ్చేవాడికీ మధ్య తేడా మీకు కారు వేగంలో తెలీదు.

మరి నువ్వెప్పుడు రమ్మంటావు అని కదా. చెప్తాను. తిట్టుకోకండి.

మృగశిర కార్తె. జూన్ ఎనిమిదికి అటూ ఇటూ రోహిణి వెళ్ళిపోయి మృగశిర వస్తుంది. ఆ రెండు వారాలు. ఉక్కపోస్తుంది, కాదనను. చొక్కా రోజుకి మూడుసార్లు మార్చాలి. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఎవరింట్లోనో పడుకోవాలి, బయట తిరిగితే మీ ఖర్మ. ఒకవేళ వాన ముందే పడితే గట్ల మీద బురద. ఇవన్నీ ఒప్పుకునే చెప్తున్నాను.

రావులపాలెం మీదుగా వద్దు. ద్రాక్షారామంలో భీమేశ్వరుణ్ణి చూసుకుని కోటిపల్లి రేవుకి రండి. అక్కడ పంటు ఎక్కండి. కారూ ఎక్కుతుంది, మోటారు సైకిళ్ళూ ఎక్కుతాయి, గడ్డిమోపూ ఎక్కుతుంది. అవతల ముక్తేశ్వరం. వరద మొదలైతే ఈ పంటు కట్టేస్తారు. జూన్లో గౌతమి ఇసకతిన్నెలు బయటపెట్టుకుని నెమ్మదిగా ఉంటుంది. ఏరు దాటి దీవిలో అడుగుపెట్టడమంటే ఏమిటో ఆ కాసేపట్లో తెలుస్తుంది. ఒడ్డు మీ వెనక వెళ్ళిపోతుంది, మీరు ఆగి చూడక తప్పదు, ఎందుకంటే బండి మీ చేతిలో లేదు.

అయినవిల్లి, అమలాపురం, అక్కణ్ణుంచి ఉప్పలగుప్తం వైపు. ఆ దారిలో చూడమని చెప్పేది గుడి కాదు, కాలువ. పది రోజుల కిందట నెర్రెలిచ్చి, పిల్లలు క్రికెట్ ఆడుకున్న కాలువలోకి నీళ్ళు వస్తుంటాయి. ముందు నురుగు, చెత్త, ఎండిన గుర్రపుడెక్క, వాటి వెనక ఎర్రటి నీళ్ళు. గట్టు మీద ఇద్దరు ముగ్గురు నిలబడి చూస్తుంటారు. ఆ నీళ్ళు శివారుకి ఏ రోజుకి చేరాయన్నది అక్కడ వార్త. మీరు కారాపి, "నీళ్ళొచ్చాయాండీ?" అని అడగండి. మీ ఊరేదో, మీ కులమేదో కూడా అడక్కుండా మాట్లాడతారు. ఈ ప్రశ్నకి జనవరిలో అర్థం లేదు.

వెనక్కొచ్చి అంబాజీపేటలో పొద్దున్నే పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు తినండి. ఆత్రేయపురం వైపు వెళ్తే ఆఖరి మామిడిపళ్ళ రసంతో చాపల మీద తాండ్ర ఎండుతుంటుంది. తర్వాత గన్నవరం. అక్కడ వైనతేయ మీద అక్విడక్టు ఉంది. ఒక ఏరు మీదుగా ఇంకో నీటిని వంతెన కట్టి దాటించారు, కాటన్ రోజుల్లో పాతది, ఇప్పటిది కొత్తది. జూన్లో దాని మీద నిలబడితే కింద ఏరు ఖాళీ, పైన కాలువ నిండు. ఆగస్టులో ఇది కనపడదు, కింద కూడా నిండే. జనవరిలో మీకు వెనక హారన్ కొడతారు, నిలబడనివ్వరు.

ఆ అక్విడక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. మా పక్కనున్న మండపేటలో 1841లో పుట్టి, లంకల గన్నవరం కోడలిగా వెళ్ళింది. ఏరు దాటి వచ్చే బాటసారులకి వేళ కాని వేళైనా అన్నం పెట్టింది, 1909లో పోయేదాకా. ఆవిడ ఇంటికి వచ్చినవాళ్ళలో సీజన్ చూసుకుని వచ్చినవాడు ఒక్కడూ ఉండడు. పనుండి, ఆకలేసి, రేవులో పడవ దొరక్క వచ్చినవాళ్ళు. కోనసీమ మర్యాద అని ఇప్పుడు ఇరవై రెండు రకాల పళ్ళెంతో అమ్ముతున్నది ఆ వేళ కాని వేళ పెట్టిన అన్నం పేరు మీదే.

రాజోలు మీదుగా అంతర్వేది చేరి, వసిష్ఠ సముద్రంలో కలిసేచోట సాయంత్రం కూర్చోండి. సఖినేటిపల్లి రేవులో మళ్ళీ పంటెక్కితే నరసాపురం. పంటు మీద వచ్చి పంటు మీద పోతారు. మొత్తం తీరిగ్గా మూడు రోజులు. ఒక్క వంతెన ఎక్కకుండా దీవిలోకి వచ్చి వెళ్ళినవాళ్ళు మీ అపార్టుమెంటులో మీరొక్కరే అవుతారు, ఆ గొప్ప కావలిస్తే అదీ ఉంది.

మా మిత్రుడు మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి సంక్రాంతికి గదులు చూడమని. చూడనన్నాను. జూన్లో రా, మా ఇంట్లో దిగు, కోటిపల్లి దాకా నేనూ వస్తానన్నాను. బాబాయ్ కూడా అడుగుతున్నాడు, ఆ రోజొచ్చిన హైదరాబాదాయన బాగున్నాడా అని. వాడు కాసేపు ఆలోచించాడు.

"జూన్లో మీ ఇంట్లో ఏసీ ఉంటుందా?"

"ఉంటుంది. కరెంటే..." అన్నాను.